సంధ్యవేళ కలత, తెలిసిన పాట

విజయనగరమునందు 1919వ సంవత్సరమున పూసపాటి విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాలను నెలకొల్పుటకు, తన కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడగుటయు, ఆ బాలునకు చెవులే విద్యాద్వారములు కావలసి వచ్చుటయు కారణమని పెద్దలు చెప్పుదురు. హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగను, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులుగను వెలయించిన ఆ విద్యాలయమునందే, మధూకరముతో పొట్టపోసికొనుచు ఘంటసాల వెంకటేశ్వరరావు పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని సంగీతము నభ్యసించెను. విజయనగరముననే పుట్టిన పి. సుశీల అక్కడనే చదివెను. సాలూరు చెంతనున్న శివరామపురమున జన్మించిన సాలూరి రాజేశ్వరరావు స్వరపరచిన ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’ పాటలు 1950ల నాటికి ఊరూర మ్రోగుచుండెను. ఆ గొంతులను, ఆ వరుసలను వినుచు పెరిగిన పిల్లలు ఇప్పుడు 80 ఏండ్ల వృద్ధులైరి. వారిలో కొందరు కన్నకొడుకు పేరు మరచిరి, అన్నము తినిరో లేదో మరచిరి. అయినను ఆనాటి పాట పల్లవి చెవిని బడినచో తడుముకొనకుండ చరణము నందుకొందురు. ఈ వింతకు హేతువేమి, దానిని ఆధారముగా జేసికొని, మరపుతో కూడ వచ్చు వారి మనఃక్షోభమును ఎంతవరకు ఉపశమింపజేయవచ్చును అనునది ఇచ్చట విచారింపదగిన విషయము.

ఆలోయిస్ ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు 1906 నవంబరులో ట్యూబింగెన్ నగరపు వైద్యసభలో ఒక రోగిణి చరిత్రను వినిపించెను. 1901లో 51 ఏండ్ల ప్రాయమున ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రికి తేబడిన ఆమెకు మరపు ఒక్కటియే గాక, దిక్కుతోచమియు, అనుమానమును, పక్కబట్టల నీడ్చుకొనుచు తిరుగుటయు, గంటలకొలది కేకలు వేయుటయు ఉండెనని అతడు వర్ణించెను. అనగా నేటికిని ఆతని పేరనే వ్యవహరింపబడుచున్న ఆ వ్యాధి యొక్క మొట్టమొదటి వర్ణనమునందే మతిమరపును కలతయు జంటగా కన్పించుచున్నవి. మనవారు మతిమరపును ముసలితనపు చాదస్తమని తేలికగా త్రోసివేయుదురు గాని, ఇంటిల్లిపాది నిద్రను, ఓపికను హరించునది ఆ రెండవదియే.

ప్రపంచమున 2021 నాటికి 5.7 కోట్లమంది డిమెన్షియాతో, అనగా ఆల్జీమర్స్ మొదలగు వ్యాధులవలన కలుగు మతిక్షయముతో, జీవించుచుండిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఈ స్థితి యున్నదని 2023లో ప్రకటితమైన జాతీయ పరిశీలనము తేల్చినది. పురుషులకంటె స్త్రీలయందును, పట్టణములకంటె పల్లెలయందును ఇది హెచ్చు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో ఈ మాటకు బరువెక్కువ. వయసువారు పనులకై విశాఖపట్నమునకో, హైదరాబాదునకో, చెన్నపట్టణమునకో తరలిపోగా, ఇంటిని కాచుకొనియుండువారు వృద్ధులును, వారిని కనిపెట్టుకొనియుండు ఒక కోడలో కూతురో మాత్రమే.

ఆమదాలవలసకో నరసన్నపేటకో చేరువనున్న ఏ పల్లెయందైనను ఈ దృశ్యము కానవచ్చును. పగలంతయు అరుగుమీద నిమ్మళముగా కూర్చుండిన ముసలమ్మ పొద్దువాలు వేళకు లేచి, దండెముమీది చీరలు తీసి మూటగట్టి, వీధిగుమ్మము వైపు నడచును. “ఓలమ్మీ, పొద్దోయింది, నానింటికెల్లిపోవాల, మాయమ్మ సూస్తంటాది” అని ఆమె తొందర. “ఇదే గదత్తా మనిల్లు, ఇంకెక్కడికెల్తావు?” అని కోడలు చేయి పట్టుకొనునంతలో, ఆ చేతిని విదిలించివేసి, ఎవరో పరాయిమనిషి తన్ను నిర్బంధించుచున్నదని ముసలమ్మ కేకవేయును. కోడలు చెప్పినది సత్యమే. కాని ఆ సత్యము ఆమెకు అందదు. ఆమె మనస్సున నున్న ఇల్లు 70 ఏండ్ల నాటి పుట్టిల్లు. ఆమెకై ఎదురుచూచు తల్లి ఎన్నడో గతించినది. ఆ తల్లి లేదని చెప్పినచో, ఆ దుఃఖమును అప్పుడే మొదటిసారి విన్నట్లు మరల అనుభవించును. వాదించిన కొలదియు కలత పెరుగుటయే గాని తరుగుట యుండదు.

సూర్యాస్తమయమునకు ఈ కలత హెచ్చుట ఎల్లదేశములందును గుర్తింపబడినది. నిద్రామెలకువల వేళలను నిర్ణయించు మెదడుకణములు క్షీణించుట, దినమంతటి అలసట, మసకవెలుతురులో నీడలు మనుషులుగా తోచుట దీనికి కారణములని వైద్యుల అభిప్రాయము. జిస్కా కోహెన్-మాన్స్‌ఫీల్డ్ అను విదుషీమణి ఇట్టి చేష్టలను, పచార్లు చేయుట, ఒకేమాట పలుమారు అడుగుట, గిల్లుట, కొట్టుట మొదలుగా 29 విధములుగా వింగడించి, వాటిని కొలుచుటకొక పట్టిక కూర్చెను. ఇవి అర్థములేని చేష్టలు కావనియు, నోట చెప్పుకొనలేని అవసరములు దేహము ద్వారమున వెలువడుటయే యనియు ఆమె వాదము. కావున పాట నెత్తుకొనుటకు ముందు చూడవలసినవి కలవు: దప్పిక, మలబద్ధము, మూత్రమునకు పోవలసిన తొందర, కీళ్ళనొప్పి, పంటిపోటు. నిన్నటివరకు నెమ్మదిగా నుండిన మనిషి రాత్రికి రాత్రి మారిపోయినచో అది మూత్రనాళమున చీము పట్టుటవలననో, జ్వరమువలననో, క్రొత్తమందు వలననో కలిగిన ఆపదయై యుండవచ్చును. అప్పుడు వలయునది వైద్యుడు గాని పాట కాదు.

మాత్రలతో అణచవచ్చును గదా యని కొందరు అందురు. ఉన్మాదరోగమునకు వాడు మందులను డిమెన్షియా గల వృద్ధులకు ఇచ్చినప్పుడు, ఉత్తుత్తి మాత్రలు పుచ్చుకొన్నవారికంటె మరణములు 1.6 నుండి 1.7 రెట్లు హెచ్చుగా నున్నవని అమెరికా ఔషధ నియంత్రణసంస్థ 2005లో గట్టి హెచ్చరిక చేసినది. ఆ మందులు తప్పనిసరియగు సందర్భములు లేకపోలేదు; కాని వాటికి పూర్వము మరేదైన ప్రయత్నింపవలెనను భావము నాటినుండి లోకమున బలపడినది. సంగీతము ఈ ప్రయత్నములలో ముందువరుసకు వచ్చినది అందువలననే.

ఇక మెదడు మాట. ఆల్జీమర్స్ వ్యాధి తొలుత దెబ్బతీయునది చెవుల లోపలి ప్రక్కకు, మెదడు అడుగుభాగమున నున్న హిప్పోకాంపస్ అను ప్రదేశమును, దాని పరిసరములను. నేడు జరిగినదానిని రేపటికి దాచిపెట్టునది అదియే కనుక, ఉదయము వచ్చిపోయిన బంధువు మధ్యాహ్నమునకు జ్ఞాపకముండడు. వానలు వెనుదీసిన యేట మెరకమళ్ళు ముందుగా ఎండిపోగా చెరువుక్రింది పల్లపుమడి కడపటివరకు తడి నిలుపుకొనునట్లు, మెదడునందును కొన్ని తావులు ఈ క్షయమునకు ఆలస్యముగా లోబడును. లైప్‌జిగ్ నగరములోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ఈ విషయమున ఒక చక్కని మార్గమును త్రొక్కిరి. వారు మొదట ఆరోగ్యవంతులైన యువకులకు చిరపరిచితములైన పాటలను, అప్పుడే విన్న పాటలను, ఎన్నడును వినని పాటలను వినిపించుచు, చిరపరిచితగీతమునకు మెదడులో ఏ తావు మేలుకొనునో గుర్తించిరి. పిదప ఆ తావు ఆల్జీమర్స్ రోగులయందు ఏ స్థితిలో నున్నదో కొలిచి చూచిరి. మెదడు రెండర్ధములు ఎదురెదురుగా నుండు లోపలితట్టున, శరీరచలనములను ముందుగా సంకల్పించు భాగమును, దానికి ఆనుకొనియున్న సింగ్యులేట్ అను మడతయును ఆ తావులుగా తేలినవి. తక్కిన భాగములతో పోల్చగా అవి కృశించుటయు, శక్తిని వినియోగించుట తగ్గించుటయు మిక్కిలి స్వల్పము.

చలనమును సంకల్పించు భాగమునందు పాట నిలిచియుండుట సామాన్యవిషయము కాదు. పాట యనగా మనకు వినికిడి యని తోచును గాని, పలుమారు పాడిన పాట ఒక విధముగా దేహాభ్యాసము: పెదవి కదలిక, ఊపిరి విరుపు, చేతితాళము, కాలియూపు. ఈత, నేత, నాటువేయుట వలెనే అదియు చేయుచు చేయుచు అలవడినది. కావుననే మాట పెగలని రోగి పాట పాడగల్గుట, పాడుచున్నంతసేపును ముఖమున తెలివి కలిగియుండుట. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపిన మరియొక సంగతి దీనికి తోడగును: తమకు ప్రియమైన సంగీతము వినునపుడు, పులకరింత కలుగు ఘట్టమునకు ముందుగనే, అది రానున్నదను నిరీక్షణముననే, మెదడులో డోపమిన్ అను ద్రవ్యము వెలువడును, ఘట్టము వచ్చినప్పుడు మరియొక తావున వెలువడును. తరువాతి పాదమేదో తెలిసియుండుటయే ఈ ఆనందమునకు మూలము. తరువాతి క్షణమున ఏమి జరుగనున్నదో తెలియక భయపడుచున్న మనిషికి, తరువాతి స్వరమేదో తెలిసియుండు అరగంట ఎంతటి ఆశ్రయమో ఊహింపవచ్చును.

మరి ఏ పాట? ఇక్కడనే మనవారు తరచుగా పొరపడుదురు. ఫలానా రాగము రక్తపుపోటునకు, ఫలానా రాగము నిద్రకు అను పట్టికలు చాలకాలముగా ప్రచారమున నున్నవి. నీలాంబరికి జోలపాటలతో గల సంబంధము మన సంప్రదాయమున మనోహరమైనది, కాదనను. కాని ఒక్కొక్క రాగము ఒక్కొక్క రోగమునకు ఔషధమనుటకు తగిన నిదర్శనము లేదు. అమెరికాలో లిండా గెర్డ్‌నర్ అను నర్సు-పరిశోధకురాలు ఆల్జీమర్స్ తదితర వ్యాధులు గల 39 మంది వృద్ధులకు, ప్రతివ్యక్తియు యౌవనమున ఇష్టపడిన సంగీతమును కొన్ని వారములును, మనస్సును నెమ్మదింపజేయునని పేరుపొందిన శాస్త్రీయ సంగీతమును కొన్ని వారములును, వారమునకు రెండుమారులు అరగంట చొప్పున వినిపించి చూచెను. 2000వ సంవత్సరమున ప్రకటితమైన ఆ ఫలితము ప్రకారము, వినుచున్న అరగంటయందును, అటుపిమ్మటి అరగంటయందును కలతను ఎక్కువగా తగ్గించినది స్వీయాభిమతమైన సంగీతమే. శాంతినిచ్చు గుణము పాటలో ఎంతయున్నదో, విన్నవాని గతజీవితములో అంతకు మించి యున్నది.

లయవేగమునకు ప్రభావము లేదని దీని యర్థము కాదు. ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి 2006లో 24 మందికి సితారురాగము మొదలు పాశ్చాత్య సంగీతభేదములవరకు ఆరు తీరుల సంగీతము వినిపించి, వేగము హెచ్చిన కొలదియు ఊపిరియు గుండెయు వడిపట్టుననియు, నడుమ రెండు నిముషములు నిశ్శబ్దము విడిచినచో అవి మునుపటికంటెను నెమ్మదించుననియు కనిపెట్టెను. పాటకు పాటకు నడుమ మౌనమున కెడమీయవలెనని ఆ పరిశోధనవలన నేను గ్రహించుచున్నాను. ఫోనులో పాట నడుమ దిగ్గున చొరబడు సబ్బుల ప్రకటన ఒక్కటి చాలును, అరగంట ప్రయాస వ్యర్థము చేయుటకు; కావున పాటలను ముందుగనే పెన్‌డ్రైవులోనికో మెమరీకార్డులోనికో ఎక్కించుకొనుట మేలు.

మనిషికి పది మొదలు ముప్పది ఏండ్ల నడిమి కాలపు జ్ఞాపకములు తక్కిన కాలపు జ్ఞాపకములకంటె గాఢముగా నాటుకొనునని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ లెక్కను ఉత్తరాంధ్రమునకు అన్వయించునప్పుడు, 1955 మొదలు 1975 వరకు వచ్చిన ఘంటసాల, సుశీలల పాటలే యందరికిని మందని తలచుట తొందరపాటు. ఆనాడు రేడియో గల ఇల్లు ఊరికి ఒకటి రెండు. పంచాయితీ రేడియో వినుటకు మగవారు చేరుదురు గాని, పొద్దెక్కక మునుపే పొలమునకు పోయి పొద్దుగ్రుంకి వచ్చు కూలియాడుదానికి ఆ తీరిక ఎక్కడిది? ఆమె సంగీతము ఊడుపులలో వరుసకట్టి వంగి పాడిన పాట, పెండ్లి నలుగునాటి పాట, పిల్లలకు పాడిన జోల. యాదవుల ఇంట పుట్టి, రొమ్మున తప్పెటను కట్టి, కాలిగజ్జెలతో తప్పెటగుళ్ళు ఆడిన వృద్ధునకు నెమ్మది నిచ్చునది, ఇతరులకు చెవులు గింగురుమను ఆ వాద్యమే కావచ్చును. మరియొకనికి అది రాత్రి తెల్లవార్లు విన్న జముకులకథ, ఇంకొకనికి రామభజన, విజయనగరము కోటవీధులలో పెరిగినవానికి ద్వారంవారి వాయులీనము. పేదయింటి పాటను నాటుపాటయని చిన్నచూపు చూచువాడు ఈ చికిత్సకు పనికిరాడు.

భాష మాటయు విస్మరింపరాదు. హైదరాబాదు నిజామ్స్ వైద్యవిజ్ఞానసంస్థలో సువర్ణ అల్లాది, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడువారికి వ్యాధి నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా పొడసూపుననియు, చదువురానివారియందును ఇది నిజమేననియు 2013లో ప్రకటించిరి. మన సరిహద్దుమండలములు ఇట్టివారికి నిలయములు. ఇచ్ఛాపురము, సోంపేట ప్రాంతములలో ఇంట ఒరియా, వీధిని తెలుగు మాట్లాడు కుటుంబములు పెక్కు. సీతంపేట కొండలయందు సవరభాష తల్లిభాష. అట్టి వృద్ధునకు తల్లి ఒడిలో విన్నది ఏ భాషయో ఆ భాష పాటనే వెదకవలెను. చెవి సంగతియు అంతే. నెల్లిమర్ల జూట్ మిల్లు మగ్గముల హోరులో బ్రతుకు గడపిన కార్మికునకు, వార్ధక్యపు చెవుడునకు తోడుగా, 4,000 హెర్ట్జుల ప్రాంతపు సన్నని ధ్వనులను ముందుగా హరించు హోరుచెవుడు కూడ ఉండును. ఆతనికి పైస్థాయి స్వరములు స్పష్టముగా వినబడవు. మృదంగమును, మంద్రమైన మగగొంతును వినబడును. వినబడలేదని ధ్వని నమితముగా పెంచినచో అది వానికి బాధయే యగును.

ఒక హెచ్చరిక మన దేశమునకే ప్రత్యేకమైనది. ఘంటసాల తన జీవితపు చివరిదినములలో గానము చేసిన భగవద్గీత భక్తిపూర్వకమైన మహత్కార్యము; కాని మన ఊళ్ళలో అది చావు జరిగిన ఇంటను, శవవాహనముమీదను వినిపించుట ఆచారమైపోయినది. ముసలివారికి భక్తిగీతములు మంచివని తలచి సంధ్యవేళ దానిని మ్రోగించినచో, అసలే బెదరియున్న మనస్సు ఎవరో పోయిరని ఉలికిపడవచ్చును. ఎంత గొప్ప గానమైనను, ఆ మనిషికి అది దేనిని తలపించుచున్నదో తెలియక వినిపింపరాదు. పెనిమిటి పోయిన యేట విన్న సినిమాపాటయు అట్టిదే. పాట మొదలైన రెండు నిముషములు రేడియో వైపు కాక మనిషి మొగము వైపు చూడవలెను. కనుబొమలు ముడివడినను, పిడికిలి బిగిసినను వెంటనే ఆపివేయవలెను.

ఇంతయు చెప్పి, శాస్త్రము అంగీకరింపనిదానిని అంగీకరించినట్లు చెప్పుట న్యాయము కాదు. వైద్యపరిశోధనలను సమీక్షించు కోక్రేన్ సంస్థవారు 2018లో, మొత్తము 1,097 మంది పాల్గొన్న 22 పరిశోధనలను పరిశీలించి తూచిరి. సంగీతచికిత్స ముగియునాటికి రోగుల దిగులు తగ్గుట, మొత్తముమీద ప్రవర్తన కుదుటపడుట కన్పించినవి. కాని కలతను, దురుసుతనమును ప్రత్యేకించి కొలిచినచోట తగినంత భేదము కానరాలేదు. ఇది నిరాశపడదగిన తీర్పని నేను తలపను. వారములకొలది చికిత్స జరిపిన పిమ్మట రోగి సామాన్యస్థితి మారినదా అని కొలుచుట వేరు. పాట సాగుచున్న ఆ వేళ మనిషి కుదుటపడినదా అని చూచుట వేరు. వ్యాధిని సంగీతము వెనుకకు మరలింపలేదు. ఒక సాయంకాలమును నిలబెట్టగలదు. కలత పొడసూపు వేళకు అరగంట ముందుగా పాట మొదలిడవలెనని గెర్డ్‌నర్ చెప్పిన సలహా ఇందుకే విలువైనది. ముసలమ్మ ఆరుగంటలకు మూట కట్టునని తెలిసినచో, ఐదున్నరకే దీపము వెలిగించి, టీవీ ఆపివేసి, పాట మొదలుపెట్టవలెను. చీరలు చేతికి వచ్చిన పిమ్మట కాదు.

యంత్రములేమియు అక్కరలేని మార్గము మరియొకటి కలదు. స్వీడనులో ఎవా యోటెల్, ఆమె తోటి పరిశోధకులు, పరిచారికలు రోగులకు ఉదయమున మొగము కడిగి బట్టలు తొడుగునపుడు మాటలాడుటకు బదులు పాడినచో ఏమగునో చూచిరి. “చేయి ఎత్తు, ఇటు తిరుగు” అను ఆజ్ఞలు తగ్గినను రోగులు తమంత తామే పనికి సహకరించిరి, పెనుగులాట తగ్గినది. మన ఇండ్లలో పోరంతయు స్నానము దగ్గరనే. ఎండ పొడలో గోరువెచ్చని నీళ్ళు చెంబుతో ముందుగా పాదములమీద పోయుచు, కోడలు తన అత్తకు తెలిసిన ఊడుపుపాట నెత్తుకొన్నచో, ముసలమ్మ అడ్డుపెట్టిన చేయి జారి, ఆ చేతితోనే తాళము వేయుట సంభవింపరానిది కాదు. గొంతు బాగుండవలెనను నియమము లేదు. శ్రుతి తప్పినను తెలిసిన గొంతు తెలిసిన గొంతే.

ఇందులకు కావలసిన మూలధనము పాటల చిట్టా. దానిని వ్యాధి ముదిరిన పిమ్మట కూర్పజాలము. మరపు తొలిదశలో ఉండగనే పెద్దవారి చెంత కూర్చుండి, చిన్ననాట ఎవరు పాడగా వింటివి, ఏ తీర్థమునకు పోయితివి, ఏ టూరింగు టాకీసులో ఏ బొమ్మ చూచితివి, ఊడుపులలో మొదట పాట నెత్తుకొనునది ఎవరు అని అడిగి, వారిచేతనే పాడించి ఫోనులో పట్టియుంచవలెను. వారికి చేతగానిచో వారి చెల్లెండ్రను, ఈడువారిని అడుగవలెను. విజయనగర సంగీత కళాశాల విద్యార్థులు ఒక్కొక్క వేసవియందు తమ తమ ఊళ్ళలో ఇట్టి పాటలను స్వరలిపిలో వ్రాసి సేకరించినచో, చికిత్సకును సంగీతచరిత్రకును ఒకేమారు సేవ చేసినవారగుదురు. ఇంటివారు మాత్రము ఆ చిట్టాను మందులచీటీతో కలిపి భద్రపరచవలెను; ఏలయనగా జారిపడి తుంటియెముక విరిగి ఆసుపత్రిలో చేరిన వృద్ధులకు, క్రొత్త గదిలో, క్రొత్త ముఖముల నడుమ, మొదటి రెండు మూడు రాత్రులయందే కలత మిక్కుటముగా నుండును; అప్పుడు ప్రక్కనుండు నర్సమ్మకు ఆ మనిషి పేరును రోగమును తెలిసియుండును గాని, ఏ పాట తెలియునో ఆ కాగితము చెప్పిననే గాని తెలియదు.